గేటు దగ్గర మగ్గిన సీసాలు

"నలభై మందికీ 'కణాలు బాగున్నాయి' అని సంతకం గీకేశారే, ఒక్క కణాన్నైనా కళ్లతో చూశారా డాక్టరుగారూ?"

రంగుల ఫ్యాక్టరీ మెడికల్ గదిలో డాక్టరు తలెత్తలేదు. మేనేజరు మాత్రం నవ్వాడు. అడిగింది స్లైడ్లమ్మ. ల్యాబులో పదిహేనేళ్లు మైక్రోస్కోపు మీద వంగి మెడ పట్టేసిన మనిషికి జనం పెట్టిన పేరది.

ఆమె అక్క మొగుడు రంగులు కలిపే గదిలో పద్దెనిమిదేళ్లుగా పనిచేస్తున్నాడు. అక్కడి రసాయనాలు మూత్రాశయంలో క్యాన్సర్ పుట్టించగలవు. అందుకే ఏటా మూత్రంలో రాలిపడే కణాలకి పరీక్ష. అదేం పరీక్షో! నిద్రలేవగానే పట్టిన మూత్రం సీసాలో తెచ్చి గేటు దగ్గర పెట్టాలి. సాయంత్రం దాకా అది ఎండలో మగ్గాలి. రాత్రంతా కడుపులో నిలిచి, పగలంతా సీసాలో ఉడికితే కణాలు మిగులుతాయా? చివికిపోతాయి. కనపడనివాటికి 'ఏమీ లేదు' అని రాసిపారేశారు.

ఈ సంగతి తెలిసిన రోజే ఆమె బావను ల్యాబుకి ఈడ్చుకొచ్చింది. నీళ్లు తాగించి, కాసేపు నడిపించి, డబ్బా చేతికిచ్చింది.

"ఇన్నేళ్లకి మరదలు నోరు తెరిచి అడిగింది ఇదా!"

"సరసాలు తర్వాత. ముందు నింపుకురా బావా."

వెంటనే స్లైడు చేసి చూసింది. కణాన్నంతా ఆక్రమించిన కేంద్రకాలు, నల్లగా, అంచులు వంకరగా: క్యాన్సర్ కణాల వాలకం. బావకి నొప్పి లేదు, మూత్రంలో రక్తం పడలేదు. పడ్డాక చూద్దామంటే చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే.

ఇప్పుడా స్లైడు మెడికల్ గదిలో, మేనేజరు ముందున్న బల్ల మీద ఉంది.

"చూడమ్మా, మీ బావని పెద్దాసుపత్రికి మేమే పంపుతాం. ఆ స్లైడు ఇక్కడ వదిలెయ్. మిగతావాళ్లని బెదరగొట్టకు."

ఆమె బావ వైపు చూసింది. ఒప్పుకుంటే ఆయనకి వైద్యం దొరుకుతుంది. అక్క మొహం కళ్లముందు ఆడింది.

గోడవారగా నిలబడ్డ బావే అన్నాడు: "నన్ను పంపేసి ఆ రంగుల తొట్టి దగ్గర ఎవణ్ణి నిలబెడతారు సార్?"

స్లైడ్లమ్మ స్లైడు తీసి గుడ్డలో చుట్టుకుంది.

"పక్కాగా క్యాన్సరే అని నేననను. లోపల కెమెరా పెట్టి చూడాలి, ముక్క తీసి తేల్చాలి. మా బావకి రేపే. తక్కిన ముప్పైతొమ్మిది మందినీ ఇప్పుడే పిలిపించండి. డబ్బాలు నా సంచిలో ఉన్నాయి, స్లైడ్లు ఈ బల్ల మీదే చేస్తా. ఆ రిపోర్టులన్నీ చెల్లవని రాసి గేటుకి అంటించండి. అన్నిటికంటే ముందు ఆ రంగులు కలిపే గదికి తాళం వెయ్యండి. లేవండి!"