మిట్ట మీద ఆగిన ఇంజన్

నేను ఒక ఆవిరి ఇంజన్ని. నవ్వకండి. పొడవు మూరెడు కంటే కాస్త ఎక్కువ, బరువు ఆరు కిలోలు, నా పట్టాల మధ్య ఎడం నాలుగున్నర సెంటీమీటర్లు. బొమ్మనే, కాదనను. కానీ నా కడుపులో నిజంగానే నీళ్లు మరుగుతాయి, నిజంగానే మంట మండుతుంది. కాకపోతే బొగ్గుకు బదులు గ్యాసు. పిల్లలు ఆడుకునే బొమ్మలకు ఈ అవస్థ లేదు. పెద్దవాళ్లు ఆడుకునే బొమ్మలకే ఉంది.

ఎక్కడో చలిదేశంలో ఒక చిన్న కార్ఖానాలో నలుగురు మనుషులు రాగిరేకు వంచి నా బాయిలరు చేశారు. కొండల్లో కలప మోసే ఇంజన్ ఒకటి ఉండేదట, దాని పోలికలో నాకు ఆకుపచ్చ రంగు వేశారు. ఆ రంగు నాకు బాగానే ఉండేది. ఆ సంగతి తరవాత నన్నెవరూ అడగలేదు.

నన్ను మొదట కొన్నది హైదరాబాదు సైనిక్‌పురిలో ఉండే పళ్ల డాక్టరు పరాంకుశంగారు. పెరట్లో రైలు నడపాలని ఆయన కోరిక. నన్ను ఎంచుకోవడానికి ఎనిమిది నెలలు తీసుకున్నారు. కరెంటుదా, ఆవిరిదా? ఎంత మలుపు తిరుగుతుంది? జామచెట్టు వేళ్ల మీదుగా ఎక్కుతుందా? నాలుగు పెట్టెలు లాగుతుందా? పెళ్లి సంబంధానికి కూడా అంత ఆరా తీసి ఉండరు. ఇన్ని చూసి, ఇది తప్ప ఇంకోటి వద్దని తెప్పించుకుని, పెట్టె విప్పిన రోజే స్క్రూడ్రైవరు అందుకున్నారు. పొగగొట్టం పొట్టిగా ఉందని మార్చారు. ఆకుపచ్చ మీద ఎరుపు పూశారు. ముందు ఒక ఇత్తడి గంట కట్టారు. ఈల సన్నగా ఉందని తీసేసి ఇంకోటి పెట్టి, సీసంతో మాటు వేయించారు. వందల్లోంచి నిన్నే కోరి తెచ్చుకున్నాను అంటారు, ఆ వెంటనే నిన్ను నువ్వు కాకుండా చేస్తారు. మనుషుల ప్రేమ ఇదేం ప్రేమో నాకిప్పటికీ అంతుపట్టదు.

నాలుగేళ్లు జామచెట్టు చుట్టూ తిరిగాను. తరవాత ఆ ఇంటిని పడగొట్టి అపార్టుమెంటు కడతామన్నారు. పెరడు కార్లు నిలిపే చోటు అయింది. "ఎవరైనా తీసుకెళితే బాగుండు, బాల్కనీలో రైలేం తోల్తాం" అని డాక్టరుగారు అంటుంటే, అదే వీధిలో ఉండే శకుంతల టీచరు విన్నది. "మా నాన్న స్టీము డ్రైవరండీ, గుంతకల్లులో" అన్నది. పాత దుప్పట్లో చుట్టుకుని రాత్రి బండిలో తన ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లింది. నన్ను అంత మెత్తగా మోసినవాళ్లు ఇంకెవరూ లేరు.

ఆమె తండ్రి పేరు ఉరుకుందప్ప. ఎనభై దాటాయి, మోకాళ్లు వంగవు, గొంతు మాత్రం ఇంకా ఇంజన్ మోతకు అలవాటు పడ్డ గొంతే. దుప్పటి విప్పి చూసి, "ఏందమ్మా ఇది, పెండ్లికొడుకు మాదిరుండాదే" అన్నాడు. నాకు సిగ్గేసింది. ఆ సాయంత్రమే గంట ఊడింది. వారంలో ఎరుపు పోయి నలుపు వచ్చింది. మీటరు గేజి మీద తాను ఏళ్ల తరబడి తోలిన ఇంజన్ మాదిరి నన్ను మార్చాలని ఆయన పట్టుదల. లేతు పనివాణ్ని పట్టుకుని పొగగొట్టం మళ్లీ కోయించాడు. లేపడానికి వీలుగా ఉన్న నా పైకప్పును కదలకుండా అతికించేయించాడు. నిజం ఇంజన్‌కు కప్పు లేస్తుందా అన్నాడు. ఇక నీటిమట్టం చూపించే గాజుగొట్టాన్ని చూడాలంటే నేలకు వంగి పక్కనుంచి చూడాల్సిందే.

అంతటితో ఆగలేదు. నేను ఇరవై నిమిషాలు నడిచి ఆగుతాను. "ఇరవై నిమిషాలకు దిగిపోయేది యేం డ్యూటీ?" అని గ్యాసు డబ్బా తీయించి రెండింతలది పెట్టించాడు. నన్ను చేసినవాళ్లు లెక్క చూసే పెట్టారు, నీళ్లకంటే ముందు గ్యాసు అయిపోవాలని. నీళ్లు ముందు అయిపోతే ఉత్త రాగి కాలుతుంది. ఈ ముక్క చెప్పడానికి నాకు నోరు లేదు, ఉన్న ఈల ఆయన చేతిలో ఉంది.

పెరట్లో సీతాఫలం చెట్ల మధ్య పట్టాలు వేయించాడు. చదునుగా ఉంటే అది లైనే కాదని మట్టి పోయించి ఒక మిట్ట కట్టించాడు. ఆయన కుర్చీలో కూర్చుని రిమోటుతో నడుపుతాడు. ఆ రిమోటంటే ఆయనకు పరమ అసహ్యం, అయినా మోకాళ్లు కుర్చీ దాటనివ్వవు. మరి గాజుగొట్టం చూసేదెవరు? ఒకప్పుడు ఆయన ఇంజన్ మీద ఫైర్‌మన్‌గా చేసిన దస్తగిరికి కబురు పెట్టాడు.

దస్తగిరి బక్కమనిషి, డెబ్బయి అయిదేళ్ల వాడు, ఇప్పటికీ గొంతుక్కూర్చుని గంటసేపు ఉండగలడు. గుంతకల్లు రైల్వే ముసలాళ్లందరూ ఆయన్ని ప్లగ్గు దస్తగిరి అంటారు. పెద్ద ఇంజన్లలో మంటగూటి పైకప్పుకు సీసపు ప్లగ్గు ఒకటి ఉంటుందట. బాయిలరులో నీళ్లు అడుగంటితే ఆ సీసం కరిగి, ఆవిరి దిగి మంటను ఆర్పేస్తుంది. ప్రాణాలు దక్కుతాయి, పరువు దక్కదు. ప్లగ్గు కరిగించినవాడు అంటే ఆ పనివాళ్లలో అంతకన్నా తిట్టు లేదు. నలభై ఏళ్ల పైమాట, ఉరుకుందప్ప ఇంజన్‌కు ప్లగ్గు కరిగింది. విచారణ జరిగింది. ఫైర్‌మన్ కునుకు తీశాడు, నీళ్ల సంగతి చెప్పలేదు అని తేలింది. దస్తగిరి డ్రైవరు కాలేదు. షెడ్డులో ఇంజన్లు అటూ ఇటూ జరుపుతూనే రిటైరయ్యాడు.

ఇదంతా పెరటి కబుర్లలో నేను విన్నదే. వాళ్లిద్దరి నోటినుంచి మాత్రం ఒక్కసారీ వినలేదు. దస్తగిరి పొద్దున్నే వచ్చేవాడు, నూనె వేసేవాడు, నా చక్రాలు తుడిచేవాడు. నేను కదలగానే పక్కనే నడుస్తూ వచ్చి, వంగి గాజుగొట్టం చూసి, "సగం గ్లాసు" అని కేకేసేవాడు. కుర్చీలోంచి ఉరుకుందప్ప "సగం గ్లాసు" అని తిరిగి అనేవాడు. ఫైర్‌మన్ చెప్పిన మాట డ్రైవరు తిరిగి చెప్పాలి, అప్పుడే విన్నట్టు లెక్క. అది వాళ్ల పద్ధతి. ఇద్దరు ముసలాళ్లు ఒక బొమ్మ కోసం ఇలా అరుచుకుంటుంటే పక్కింటివాళ్లు గోడ మీదుగా చూసి నవ్వుకునేవారు.

ఇప్పుడు నేను వసారాలో చెక్క అలమారలో ఉన్నాను. ఎందుకు ఉన్నానో ఆ ఒక్క రోజు సంగతి చెప్పి ఊరుకుంటాను. నాకు ఓపిక లేదు.

ఆ ఆదివారం ప్రారంభోత్సవం పెట్టారు. రిటైరైన రైల్వేవాళ్లు పదిహేనుమంది వచ్చారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు, కొబ్బరికాయ కొట్టారు, ఆ నీళ్లు నా కొత్త నలుపు మీద పడ్డాయి. శకుంతల ముందురోజు రాత్రి బండికి వచ్చి అందరికీ ఉగ్గాని, బజ్జీ పెట్టింది. నాలుగు పెట్టెలు తగిలించుకుని నేను పది చుట్లు తిరిగాను. ముసలాళ్లు చిన్నపిల్లల్లా చప్పట్లు కొట్టారు. పదకొండో చుట్టులో మిట్ట మొదట్లో ఉండగా దస్తగిరి వంగి చూశాడు.

"నీళ్లు తగ్గినాయన్నా. నిలుపు, ఇంకిన్ని పోద్దాం."

ఉరుకుందప్ప తిరిగి చెప్పలేదు. అందరూ చూస్తున్నారు.

"అన్నా, గ్లాసులో అడుక్కుండాయి."

"సన్న గొట్టం కదప్పా, నీళ్లు అట్లే కర్సుకోనుంటాయి. మిట్ట ఎక్కనీ, దిగినాంక చూద్దాం."

దస్తగిరి చేతిలో నీళ్ల సీసా ఉంది. ఆ చెయ్యి గాలిలో అట్లాగే ఆగిపోయింది. ఎందుకో నాకు అప్పుడు తెలియలేదు. నా కడుపు కాలుతుంటే ఇతరుల చేతుల సంగతి పట్టించుకునే తీరిక లేదు. మిట్ట నెత్తికెక్కాను. అక్కడ నా ముక్కు దిగువకు వంగింది, మిగిలిన కాసిని నీళ్లు ముందుకు జారాయి, వెనక రాగి ఎండిపోయింది. గ్యాసు మాత్రం కావలసినంత ఉంది. డాక్టరుగారు వేయించిన సీసపు మాటు కరిగి ఈల ఊడి దూరంగా పడింది. ఒక్క తెల్లటి ఊపిరి వదిలి అక్కడే ఆగిపోయాను. కాలిన రంగు వాసన పెరడంతా కమ్ముకుంది.

శకుంతల పరుగెత్తుకొచ్చి గ్యాసు కట్టేసింది. మొదట మాట్లాడింది గార్డుగా రిటైరైన రాఘోజీరావు.

"ఏం దస్తగిరీ, మల్లా కునుకు పడితివా?"

అందరూ నవ్వారు. చెడ్డవాళ్లు కారు, అలవాటుగా నవ్వారు. దస్తగిరి తల వంచుకుని నీళ్ల సీసాకు మూత బిగిస్తున్నాడు. ఆయన మొహంలో కోపం లేదు, అదే నాకు కష్టమనిపించింది. అన్నేళ్లుగా మోస్తున్న బరువు మీద ఇంకొకటి పెడితే మనిషికి తేడా తెలియదేమో.

ఉరుకుందప్ప ఊరుకుని ఉంటే సరిపోయేది. ఊరుకుంటాడనే నేనూ అనుకున్నాను. ఆయన కుర్చీ చేతులు పట్టుకుని లేచాడు, కూతురు ఆసరా వస్తే వద్దన్నాడు.

"ఆయప్ప చెప్పినాడు. రెండు సార్లు చెప్పినాడు. నేనే వద్దంటి."

"పోనీలే ఉరుకుందప్పా, బొమ్మే గదా" అన్నాడు రాఘోజీరావు.

"బొమ్మ గురించి కాదు నేను చెప్పేది. ఆ పొద్దు గూడా చెప్పినాడు. నీళ్లు పెడదామన్నా అని బతిమాల్నాడు. చన్నీళ్లు పెడితే ఆవిరి పడిపోతాది, బండి లేటైతాది, మిట్ట ఎక్కనీ అంటి. ఇప్పుడన్నెట్లే అంటి. విచారణలో నాకేం చెప్పలేదు, నిద్రపోయినాడు అని సంతకం పెడితి. నాకు పెద్ద బండ్లు ఇచ్చే ఏడాది అది."

రాఘోజీరావు చేతిలోని ప్లేటు కింద పెట్టాడు.

దస్తగిరి సీసా పక్కన పెట్టి నేల మీద కూర్చున్నాడు. తరవాత మెల్లగా అన్నాడు, అరవలేదు.

"వీళ్లకు చెప్పి ఏం లాభమన్నా. వీళ్లు నవ్వేటోళ్లు, నవ్వి మర్సిపోతారు. మా బీబీకి చెప్పింటే బాగుండు. నేను నిద్రపోలేదే అని ఎన్ని మార్లు చెప్పినా నమ్మలేదు. అంత పెద్ద డ్రైవరు అబద్దం చెప్తాడా అనేది. పోయి ఆరేండ్లాయ. అట్లే అనుకోని పాయ."

శకుంతల తండ్రి వైపు చూసిన చూపు నేను చూడకుండా ఉంటే బాగుండేది. ఉరుకుందప్ప కర్ర అందుకున్నాడు.

"పద."

"యాడికి?"

"ఆమె కాడికి. నేనే చెప్తా."

ఉరుకుందప్ప అడుగడుక్కీ ఆగుతుంటే, వాళ్లిద్దరూ ఆమె సమాధి ఉన్న ఖబరస్తాన్ వైపు నడుచుకుంటూ వెళ్లారు. వచ్చినవాళ్లు ఒక్కొక్కరే జారుకున్నారు. నన్ను మిట్ట మీద నుంచి తీయాలని ఎవరికీ గుర్తు రాలేదు. కాలిన కడుపు చల్లారుతూ టిక్కు టిక్కుమంటుంటే అక్కడే పడి ఉన్నాను. నన్నెవరూ పట్టించుకోనందుకు బతుకులో మొదటిసారి హాయిగా అనిపించింది.

దీపాలు పెట్టే వేళకు ఉరుకుందప్ప ఒక్కడే తిరిగి వచ్చాడు. చెప్పులకు ఎర్రమట్టి అంటుకుని ఉంది. వసారా మెట్టు మీద కూలబడ్డాడు.

"చెప్పినావా నాన్నా?" అని అడిగింది శకుంతల.

"చెప్పినా."

"దస్తగిరి మామ ఏమన్యాడు?"

"ఏమనలేదు. ఆమె పక్కన కూచున్యాడు. నన్ను పొమ్మన్యాడు."