సి అంటే సై

డాక్టరు "సి" అంటే కట్టయ్య "సై" అన్నాడు. అంతే, అక్షరం గుడి దిగి ఐత్వం ఎక్కింది, భద్రమ్మ సైకిల్ దిగింది.

ఎనభై మూడు నాటి మాట. ఆరేళ్ల బిడ్డ సమ్మి నెత్తురు పరీక్ష కాగితం పట్టుకుని దవాఖాన నుంచి మట్టెవాడ ఇంటికొచ్చిన కట్టయ్య, వాకిట్లోనే "సైకిల్ సెల్లట" అన్నాడు. బియ్యం చెరుగుతున్న భార్య భద్రమ్మ చేట ఆగింది. అత్త రాజవ్వ నోరు ఆగలేదు.

"నేను మొత్తుకోలేదారా? కడుపుతోని సైకిల్ తొక్కకే అంటే ఇన్నదా? ఆ కుదుపులకే పొల్లకు బొక్కల నొప్పులు!"

"కొలెస్ట్రాలో ఏందో, కొవ్వు గూడ తక్కువున్నదటనే అవ్వా."

"ఎందుకుండదు? కొవ్వంత తల్లికే ఉన్నదాయె!"

వాడకట్టంతా నవ్వింది. భద్రమ్మ నమ్మింది. ధర్మసాగర్‌లో అన్న సైకిల్ మీద అడ్డతొక్కుడు నేర్చిన పిల్ల, బాలవాడి టీచరయ్యాక నిండు నెలల్లోనూ సైకిల్ మీదే పోయింది మరి. బిందెలు మోసినప్పటి కుదుపు, పిండి రుబ్బినప్పటి కుదుపు ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు, తనతో సహా. సైకిల్‌కు తాళం పడింది, చెవి రాజవ్వ కొంగుకెక్కింది. భద్రమ్మ రోజూ నాలుగు మైళ్లు నడిచి ఆలస్యంగా చేరితే, సూపర్వైజరమ్మ "ఏం టీచరూ, చీమలతోని పందెమేసుకున్నవా?" అనేది.

గోడకానుకున్న సైకిల్ తుప్పు పట్టసాగింది. నొప్పి తగ్గిన రోజుల్లో సమ్మి దాని గంట మోగించేది.

"అమ్మా, ఒక్క చక్కర్ తిప్పవే."

"నీకు పడదు బిడ్డా."

ఆఖరి రోజు పొద్దున కూడా అదే అడిగింది. అదే జవాబు విన్నది. మధ్యాహ్నానికి అడిగే గొంతు లేదు.

తొమ్మిదో నాడు భద్రమ్మ ఆ కాగితం పట్టుకుని దవాఖానకు తానే నడిచింది. మళ్లీ కడుపు పండితే నడక కూడా మానాలేమో అడుగుదామని. డాక్టరమ్మ ముందు ఆశ్చర్యపోయింది, తర్వాత కుర్చీ చూపించి, కాగితం మీద బొమ్మ గీసింది.

పదకొండో నాడు చుట్టాలంతా విస్తర్ల ముందు కూర్చున్నారు. రాజవ్వ ఎవరికో మళ్లీ సైకిల్ సంగతే చెబుతోంది. వడ్డిస్తున్న భద్రమ్మ గరిటె కింద పెట్టింది.

"అత్తా, అది సైకిల్ కాదు, సికిల్. సికిల్ అంటే కొడవలి. చక్రం లెక్క ఉండాల్సిన నెత్తురు కణం కొడవలి లెక్క వంకరైతది. నరాలల్ల ఇరుక్కుంటది, అందుకే నొప్పి. లోపల్లోపల్నే తుప్పు పడుతది. కొవ్వు తగ్గేది గూడ ఆ రోగానికే. తొక్కితే రాదు, మోస్తే రాదు. సగం నా నెత్తుర్లకెళ్లొచ్చింది, సగం నీ కొడుకు నెత్తుర్లకెళ్లి."

కట్టయ్య చెయ్యి విస్తట్లోనే ఆగిపోయింది. రాజవ్వ చెయ్యి కొంగుముడి మీదికి పోయింది.

"తాళంచెవి ఇయ్యి అత్తా. సైకిల్ ఏ పాపం చెయ్యలే. మీరు తప్పుగ ఇన్నరు, నేను నమ్మిన. నమ్మి, నా బిడ్డను ఒక్క చక్కర్ తిప్పకపోతి."