ఉతకని పావడ

పేరు పెట్టి తిట్టడులే, అయినా గంగమ్మ జాతరలో బండవేషగాళ్ళ నోటికి అడ్డేముంది, ఒళ్ళంతా కుంకుమ పూసుకుని ఎవర్నయినా ఎంత బూతుమాటయినా అనొచ్చు, అది అమ్మవారి మాటేనని అందరూ నవ్వేస్తారు, కానీ డప్పులు పక్క వీధిలోకి వచ్చేశాయి, తలుపు వెనక తిరుమలమ్మ గోడకు అతుక్కుపోయింది, ఆ వేషగాళ్ళ గుంపులో ఆదిమూలం ఉన్నాడు, బట్టలంగడి ఆదిమూలం, యుద్ధమొచ్చి బట్టకు కరువై, మనిషికింతని కొలిచిచ్చే కంట్రోలు బట్ట కోసం జనం తొక్కుకు చస్తుంటే ఆమెకు మాత్రం జానెడు ఎక్కువ కొలిచి, నీకు పచ్చ బాగుంటాది పిల్లా అన్నవాడు, అయ్యో, అంతటితో ఊరుకోకుండా తనెందుకు నోరు జారింది, మొన్న అంగడి వెనక సందులో, నువ్వు కొలిచిన పావడ ఉతకబుద్ధి కాలా, నీ చేతులు తగిలినాయని, అంటూ, ఛీ, చెప్పేటప్పుడు ఎంత తియ్యగా ఉండింది, పదిహేనేళ్ళ బతుకులో నోట్లోంచి వచ్చిన మొదటి సొంత మాట, అదిప్పుడు వాడి దగ్గరుంది, అందరి ముందూ అనేస్తే, నాయన మునిరామయ్య అరుగు మీదే కూర్చున్నాడే, నరికి పోగులు పెడతాడే.

లేదు, ఆదిమూలం అలాంటివాడు కాదు, తన కథ పంకజాక్షక్క కథ కాదు, పెదనాయన కూతురు పంకజాక్షి కార్వేటినగరంలో నాటకాల హార్మోనియం వాడి మీద మనసుపడితే, పెదనాయన ముందే, నలుగురిలో వాడు ఈ పిల్లెవురో నాకు తెలీదప్పా అంటే, ఏడవాల్సింది పోయి పకపకా నవ్విందట, సిగ్గులేనిది నవ్విందే అని అమ్మ గురవమ్మ ఇప్పటికీ బుగ్గలు నొక్కుకుంటుంది, వాడు ఊరూరూ తిరిగేవాడు, ఆదిమూలం అలా కాదు, కళ్ళు దించుకుని మాట్లాడతాడు, పచ్చ బాగుంటాది అన్నాడు, అమ్మ చెయ్యి పట్టి లాగుతోంది, రామ్మే, యాడ దాంకుంటివి, తిట్టించుకుంటే ఏడాదంతా దిష్టి తగలదు, వద్దుమా, కడుపులో నొప్పి, నొప్పీ లేదు గిప్పీ లేదు, రా.

గడప, ఎండ, ఎర్రటి ఒళ్ళు, వాడే, కళ్ళు మాత్రం తెల్లగా, ఆమెను చూశాడు, గంగమ్మ తల్లీ వాడి నోరు కట్టెయ్, నీకు పొంగళ్ళు పెడతాను, వాడు చూపు తిప్పేసి గుంపు వైపు తిరిగాడు, నడుం తిప్పుతూ, ఆడగొంతు పెట్టి, నువ్వు కొలిచిన పావడ ఉతకబుద్ధి కాలా మామా, నీ చేతులు తగిలినాయని, అన్నాడు, వీధి వీధంతా గొల్లున నవ్వింది, అది ఎవరి మాటో ఎవరికీ తెలియలేదు, నాయన కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వుతున్నాడు, అమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది, చివర మామా తప్ప ఒక్క మాట మార్చలేదే వాడు, మరి బూతెలా అయింది, అంగడిలో ఎంతమంది ముందు ఎన్నిసార్లు ఇలాగే నడుం తిప్పాడో, అందరూ నవ్వుతున్నారు, తనొక్కతే నవ్వకపోతే చూస్తారు, తెలిసిపోతుంది, నాయన ఇటే తిరుగుతున్నాడు, పళ్ళు బయటపెట్టింది, గొంతులోంచి వచ్చేసింది, పకపకా, ఆగకుండా, ఈ నవ్వు తనదేనా, అరచేతులు చల్లబడిపోయాయి, నవ్వుతూనే ఉంది, అప్పుడు తెలిసిందామెకు, పంకజాక్షక్క సిగ్గులేక కాదు, భయమేసి నవ్వింది.