కిల్లాక్ అడుగులు

కాఫీ నీళ్లు పొయ్యి మీద పడేసి ఆర్నాజాక్ కిటికీ అద్దం మీద ఆవిరి తుడిచింది. సముద్రం గడ్డకట్టిందంటే చాలు, పొద్దున్నే ఆమె కళ్లు వెతికేది మొగుడు కిల్లాక్ అడుగుల్నే. కాళ్ల కింద మంచు విరిగి ఆయన మునిగిపోయి చాలా ఏళ్లయింది. అప్పట్నించీ ప్రతి చలికాలం, గట్టి మంచు చూసుకుంటూ ఆయన అడుగులు చేపలు పడే చోటి దాకా పడతాయి, ఎడమకాలు కాస్త ఈడుస్తూ. గ్రీన్‌లాండ్ ఉత్తరపు కొసనున్న ఆ ఊళ్లో కుక్కబండ్లన్నీ ఆ జాడ మీదే పోతాయి. ఇనపకర్రతో మంచును పొడిచి చూసే అలవాటే జనానికి తప్పిపోయింది.

"బతికుండగా పొద్దెక్కేదాకా లేచేవాడు కాదు. చచ్చాక బుద్ధొచ్చింది నీ మొగుడికి," అనేది పక్కింటి నావియానా.

"నీ మొగుడికి చచ్చినా రాదులే."

ఆ ఏడు మంచు ఆలస్యంగా కట్టింది. అడుగులు పడ్డాయి గాని, చేపల చోటికి చేరకుండానే, సముద్రంలోని మంచుకొండ దాకా వెళ్లి వెనక్కి తిరిగాయి.

ఆర్నాజాక్ బయటికొచ్చేసరికి కూతురు ఇవాలు వాకిట్లో కుక్కల్ని బండికి కడుతోంది. తిండి లేక వాటి పక్కటెముకలు తేలాయి. ఈసారీ చేపలు దొరక్కపోతే వాటిని తుపాకీతో కాల్చేయడం తప్ప దారి లేదు.

"నాన్నకి చూపు మందగించిందమ్మా. కర్రతో పొడిచి చూశా, మంచు గట్టిగా ఆగింది. కొండ దాటి పోతా."

"ఒడ్డున పొడిస్తే ఎందుకాగదే! ఆయన వెనక్కొచ్చాడంటే..."

"కుక్కలకేం పెట్టమంటావ్? నాన్న అడుగులా?"

ఆర్నాజాక్ కూతురి చేతితొడుగులు తేవడానికి లోపలికెళ్లబోయి గుమ్మంలోనే ఆగిపోయింది. చెక్కనేల మీద తడి అడుగులు. ఎడమది ఈడ్చుకుంటూ, పొయ్యి దాకా.

"ఇవాలూ, ఇలా రా."

ఇవాలు వచ్చి చూసింది. వెళ్లి కుక్కల పట్టీలు విప్పేసింది. మధ్యాహ్నానికి గాలి తిరిగి, కొండ అవతలి మంచంతా ముక్కలై కొట్టుకుపోయింది.

ఆ వారంలోనే ఇవాలు తుపాకీ తీసుకుని కుక్కల దగ్గరికెళ్లింది. ఎవర్నీ తోడు రానివ్వలేదు. ఇప్పుడు దక్షిణాన రొయ్యల ఫ్యాక్టరీలో పని చేస్తోంది.

కిల్లాక్ మాత్రం ఇంట్లోనే ఉంటున్నాడు. పొయ్యి నుంచి గుమ్మానికి, గుమ్మం నుంచి పొయ్యికి, పనిపోయిన మగవాడిలా. ఆర్నాజాక్ తుడిచేకొద్దీ అడుగులు మళ్లీ పడతాయి. ఆయన ఒక్కసారి ఇంటికొస్తే చాలని ఇన్నేళ్లూ అనుకుంది. ఇప్పుడు గుడ్డ పిండుతూ, "కాసేపలా బయటికి పోయిరావయ్యా" అనబోయి, కిటికీలోంచి మంచు కట్టని నల్లటి నీళ్లు చూసి ఊరుకుంటుంది.