అర అంగుళం అబద్ధం

నేను ఒక కొలత టేపును. పొడవు అరవై అంగుళాలు, అసూయ అంతకు రెండింతలు. ఆ సంగతి దాచుకుని మంచిదానిలా కబుర్లు చెప్పడం నా వల్ల కాదు, అందుకే ముందే చెప్పేస్తున్నాను.

ఎక్కడో ఒక కర్మాగారంలో రెక్సిను పట్టీ మీద గీతలు అచ్చుగుద్ది, రెండు కొసలకూ రేకు ముక్కలు బిగించి, నాలాంటివి ఓ వంద ఒకే పెట్టెలో కుక్కి చీరాల పంపారు. దారాలూ బొత్తాలూ అమ్మే కొట్లో నన్ను కొన్నావిడ సువార్త. ఆ పక్కనే పేరాలలో, ఇంటి ముందు గదిలో రవికలు కుట్టేది. కొన్న రోజు నుంచీ నేను ఆమె మెడలోనే ఉన్నాను. పదకొండేళ్ళు. ఆమె గొలుసైనా అన్నాళ్ళు ఆ మెడలో ఉండలేదు.

మనుషులు తమాషా అయినవాళ్ళు. కొలత తీసేటప్పుడు ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కుంటారు, తర్వాత రవిక బిగుతయిందని కుట్టినావిడ మీద పడతారు. సువార్తకు ఇది తెలుసు. ఏదో ఒక మాట కలిపి, అవతలి మనిషి ఊపిరి వదిలాకే నన్ను చుట్టేది. నేను చెప్పిన అంకెను కొలతల పుస్తకంలో రాసుకునేది. ఆ గదిలో నా మాటకు తిరుగులేదు.

ఒకసారి తనకే కొత్త రవిక కుట్టుకుందామని నన్ను చుట్టుకుంటే, ఎడమవైపు నా కింద ఏదో గట్టిగా తగిలింది. గుంటూరులో ఆపరేషను చేసి ఆ రొమ్ము తీసేశారు. ఇంటికొచ్చాక ఒకరోజు తలుపు గడియ పెట్టుకుని, ఒకవైపు దూది పొదిగిన రవిక కుట్టుకోవడానికి మళ్ళీ నన్ను చుట్టుకుంది. అంకె రాసుకుంది. ఆ తర్వాత నన్నెప్పుడూ తన ఒంటికి చుట్టుకోలేదు.

రెండేళ్ళకు జబ్బు ఎముకలోకి పాకింది. మందుబిళ్ళలు మొదలుపెట్టారు. అప్పుడు దిగింది నా సవతి, రక్తపరీక్ష కాగితం. ఆ జబ్బు రక్తంలోకి వదిలే పదార్థం ఒకటి ఉంటుందట, దాన్ని మార్కరు అంటారు. అది ఎంత ఉందో చూసి, మందు పనిచేస్తోందో లేదో అంచనా వేస్తారట. మూడు నెలలకోసారి బస్సెక్కి గుంటూరు వెళ్ళి రక్తం ఇచ్చిరావడం, ఆ కాగితం కోసం ఎదురుచూడడం. మొదట తొంభై ఆరు. తర్వాత అరవై ఒకటి. ఆపైన నలభై నాలుగు, ముప్పై ఎనిమిది. వాటిని ఎక్కడ రాసుకుందనుకున్నారు? నా పుస్తకంలో, తన పేరున్న పేజీలో, నేను చెప్పిన అంకెల కిందే. నాకు ఒళ్ళు మండిపోయింది. ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ఊరికే అన్నారా! ఆ కాగితం ముప్పై ఎనిమిది అంటే ఆ పూటంతా సువార్త కూనిరాగం తీస్తూ కత్తెర పట్టింది. ముప్పై ఎనిమిది అని నేను ఎన్ని వందలసార్లు చెప్పి ఉంటాను, నా అంకె విని ఎవరైనా పాడారా?

ఆ అంకె పెరిగితే బాగుండునని కోరుకున్నాను. అవును, కోరుకున్నాను. పెరిగితే ఆ కాగితం మొహం ఇక చూడదనుకున్నానే తప్ప, పెరగడమంటే ఆమెకు ఏమిటో ఆలోచించలేదు. అసూయకు అంత ముందుచూపు ఉండదు.

పెరిగింది. ఆ ఎండాకాలం బస్సు ప్రయాణం ఒంటికి పడక, చీరాలలోనే కొత్తగా పెట్టిన ల్యాబులో రక్తం ఇచ్చింది. యాభై ఏడు వచ్చింది. నేను చంకలు గుద్దుకున్నాను. సువార్త ఏడవలేదు. కుట్టడానికి ఒప్పుకున్న గుడ్డలు ఎవరివి వాళ్ళకు తిరిగి ఇచ్చెయ్యమని దీనమ్మతో చెప్పింది. దీనమ్మ అదే వీధి మనిషి, హుక్కులూ కాజాలూ కుట్టిపెట్టేది. ఆ తర్వాత సువార్త నన్ను మెడలోంచి తీసి సొరుగులో పడేసి, మందుబిళ్ళల అట్టను కూడా నా పక్కకు తోసేసింది. గుంటూరు డాక్టరమ్మ దగ్గరికి వెళ్దామని దీనమ్మ బతిమాలింది.

"మందు పనిచెయ్యట్లేదని కాగితమే చెప్తావుంటే, మళ్ళా డాక్టరమ్మ నోటితో కూడా వినాలా దీనా?" అంది సువార్త.

నాలుగు రోజులు ఆ అట్ట నా పక్కనే ఉంది. ఒక్క బిళ్ళా తగ్గలేదు. నేను కోరుకున్నది జరిగింది కదా, సంతోషించాలి. సంతోషం రాలేదు. మెడలో వేసుకునే మనిషే లేకపోతే నేనెవరి టేపును? నాకు భయమేసింది.

ఐదోరోజు ఒకావిడ బిగుతైన రవిక పట్టుకుని వచ్చింది. సువార్త తీసిన కొలత తప్పడమేమిటని వాకిట్లో పెద్ద చర్చ. చివరికి దీనమ్మ ఒప్పుకుంది. కొలత సువార్త తీసిందే. పెళ్ళికి కావాలని ఆవిడ గుడ్డ వెనక్కి తీసుకోకపోతే, మంచం దిగని సువార్తను లేపి నా కోసం అడగడం ఇష్టంలేక తనే కత్తిరించింది, కొత్త టేపు ఒకటి కొనుక్కొచ్చి.

సువార్త లేచి వచ్చింది. నన్నూ ఆ కొత్తదాన్నీ బల్ల మీద పరిచి, రేకు కొసలు రెండూ కలిపి పట్టుకుంది. నా ముప్పై ఆరు దాని ముప్పై ఆరున్నర దగ్గర ఉంది. పదకొండేళ్ళుగా లాగి లాగి చుట్టడంతో నేను సాగిపోయాను. అందరి ముందూ నా పరువు పోయింది.

"ఇన్నేళ్ళూ ఒక్క రవికన్నా తేడా రాలేదే," అంది సువార్త.

"దాంతోనే కొలిచి దాంతోనే కోసేదానివి గదక్కా. తప్పయినా రెండు చోట్లా ఒకటే తప్పు. నేనే మధ్యలో టేపు మార్చా."

సువార్త టేపులు రెండూ బల్ల మీదే వదిలేసింది. తర్వాత కొలతల పుస్తకంలో తన పేజీ తీసింది. ఆమె వేలు ఒక్కో అంకె మీదా ఆగుతూ కిందికి దిగింది.

"ఇయ్యన్నీ గుంటూరియ్యి," అంది మెల్లగా. "ఈ యాభై ఏడొక్కటే ఇక్కడిది. నేనూ మధ్యలో టేపు మార్చానే దీనా."

మర్నాడు ఇద్దరూ గుంటూరు బస్సెక్కారు. అలవాటుకొద్దీ సువార్త నన్ను మెడలో వేసుకునే వెళ్ళింది. బిళ్ళలు మానేసినందుకు డాక్టరమ్మ ముందు చీవాట్లు పెట్టింది. ఒక ల్యాబు ఒప్పు, ఒకటి తప్పు అని కాదనీ, పరీక్ష చేసే పద్ధతి మారితే అంకె మారుతుందనీ, ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చకూడదనీ చెప్పింది. ఒక్క అంకెను పట్టుకుని తను మందు ఆపననీ, స్కానూ ఒంటి తీరూ అన్నీ కలిపి చూస్తాననీ చెప్పింది. పాత ల్యాబులోనే మళ్ళీ రక్తం తీయించింది. ముప్పై ఏడు వచ్చింది. స్కానులోనూ కొత్తదేమీ కనబడలేదు. ఆ కబురు విన్నాకే, నన్ను గుప్పిట్లో బిగించి పట్టుకుని సువార్త ఏడ్చింది.

జబ్బు పోలేదు. మందు పనిచేస్తోంది, అంతే. బిళ్ళల అట్ట సొరుగులోంచి మళ్ళీ వంటింటి గూట్లోకి చేరింది.

ఇక నా సంగతి. సాగిన టేపును నమ్మి ఎవరు గుడ్డ కోస్తారు? ఆ కొత్తది ఇప్పుడు ఆమె మెడలో ఊగుతోంది. దాని నిగనిగలు చూస్తే నాకు కడుపు మండిపోతుంది. దీనమ్మ నన్ను చెత్తబుట్టలో వెయ్యబోతే సువార్త లాక్కుంది.

"దాన్ని పారెయ్యబాక. అది సాగబట్టే నేను ఆ బిళ్ళలు మళ్ళా మింగుతున్నా," అంది. అని, ఆసుపత్రి ఫైలు చుట్టూ రెండు చుట్లు చుట్టి ముడి వేసింది.

అలా నా సవతుల్నందరినీ నేనే వాటేసుకుని కూర్చున్నాను. మూడు నెలలకోసారి ముడి విప్పుతుంది, ఇంకో కాగితం చేరుతుంది, మళ్ళీ ముడి వేస్తుంది. అసూయ పోయిందా అంటే పోలేదు. కొత్త కాగితం వచ్చిన ప్రతిసారీ పళ్ళు నూరుతూనే ఉంటాను. కానీ రావలసిన వారంలో అది రాకపోతే నాకు కాలూ చెయ్యీ ఆడదు. ఆమె ఉంటేనే గదా కాగితం వచ్చేది. ముడి వెయ్యడానికి నా కొస చాలనంతగా ఈ ఫైలు లావెక్కాలని ఇప్పుడు నా కోరిక. మొదట్లో దీని చుట్టుకొలత ఇరవై రెండు, మొన్న ఇరవై మూడున్నర. నా అంకెలో అర అంగుళం అబద్ధం ఉండొచ్చు, పెరుగుతోందన్న మాట మాత్రం నిజం.