స్రవంతికి సెలవు

నేను ఒక ఇస్త్రీ పెట్టెను. బొగ్గులు పోసి వేడిచేసే పాతకాలపు ఇనుప పెట్టెను. పెళ్లికో ఇంటర్వ్యూకో వెళ్లేముందు అద్దంలో చూసుకుని మీరు మురిసిపోయే ఆ చొక్కా మడత నాది. మీరెవరూ ఒప్పుకోరు గనక నేనే చెప్పుకుంటున్నాను.

హైదరాబాదు శివార్లలో ఒక రేకుల షెడ్డులో నన్ను పోతపోశారు. సమ్మయ్య కొని హనుమకొండకు తెచ్చాడు. అపార్టుమెంట్ల మధ్య సందులో ఆయన ఇస్త్రీ బండి, దాని వెనకే ఇల్లు. పాతికేళ్లు ఆయన చేతిలో తిరిగాను. ఇంట్లో భార్యతో గొడవపడి వచ్చినవాడు కూడా నేను రుద్దిన చొక్కా తొడగ్గానే పెద్దమనిషి అయిపోయేవాడు. సమ్మయ్యకు మోకాళ్లు పట్టేశాక కోడలు స్రవంతి నన్ను అందుకుంది. ఆమె భర్త తిరుపతి బట్టల షోరూములో సేల్స్‌మన్.

ఆ ఏడాది షోరూము మూతపడింది. తిరుపతి ఇంట్లో కూర్చున్నాడు. అప్పుడే స్రవంతి నెల తప్పింది. అంతకుముందు ఒకసారి కడుపు నిలవలేదు. "రక్తం తక్కువుంది, ఎక్కువసేపు నిలబడొద్దు, బరువులెత్తొద్దు" అంది డాక్టరమ్మ. బరువంటే నేనే. అయినా మర్నాడు పొద్దున్నే స్రవంతి నన్ను ఎత్తింది. ఎత్తకపోతే ఇంట్లో పొయ్యి వెలగదు.

ఐదో నెలలో ఒక మధ్యాహ్నం పై అంతస్తులో ఉండే బ్యాంకు మేడం చీరల కోసం దిగివచ్చింది. ఆమెకూ నెలలు నిండుతున్నాయి. "రేపట్నుంచి నాకు సెలవు స్రవంతీ. జీతం కూడా వస్తుంది" అంది సంబరంగా. ఆమె అటు వెళ్లగానే స్రవంతికి కళ్లు తిరిగాయి. నన్ను పక్కన నిలబెట్టి, బండి చక్రం పట్టుకుని కూలబడింది. ఆ దారినే వస్తున్న అంగన్‌వాడీ టీచరు వసుంధర పరుగున వచ్చి నీళ్లు తాగించింది.

"తొలి కాన్పే గదా? పని ఆపి పానం చూస్కోనీకి సర్కారు పైసలిస్తది. పేరు రాపిచ్చినవా?"

"నాకెందుకిస్తరు టీచరమ్మా? నాకేం నౌకరి ఉన్నది?"

"నౌకరోళ్లకు వాళ్ల ఆఫీసులిస్తయి. ఇది నీ అసుంటోళ్లకే. ఏం పని చేస్తవని రాయాలె?"

"పనేం లేదు. ఇస్త్రీ చేస్త."

టీచరు ఆమె చేతిలోని కాయలను వేలితో తడిమింది. "పని లేకుంటనే ఇవి కాసినయా?" అంది.

రాత్రి అన్నాల దగ్గర సమ్మయ్య ఒప్పుకోలేదు. "ఇన్నేండ్లల్ల ఒకని ముందట చెయ్యి చాపలే. గిప్పుడు చాపుతమా?"

మామ ముందు గొంతెత్తని స్రవంతి ఆరోజు కంచం పక్కకు జరిపింది. "మేడంకు బ్యాంకోళ్లు సెలవిస్తే ఆమె బిచ్చమడిగినట్టా మామా? నా బ్యాంకు ఎవలు? ఒక బిడ్డను పోగొట్టుకున్న. దీన్ని పోనియ్య."

తెల్లవారాక ఆ మోకాళ్లతోనే సమ్మయ్య ఆమె వెంట అంగన్‌వాడీకి నడిచాడు.

డబ్బు అడగ్గానే రాలేదు. ఆధార్ బ్యాంకు ఖాతాకు కలవలేదని ఒకసారి వెనక్కి పంపారు. స్రవంతి మళ్లీ వెళ్లింది. చివరికి మొదటి విడత పడింది. పెద్ద మొత్తమేమీ కాదు, మేడం జీతం పక్కన పెడితే కనిపించదు కూడా. కానీ పని ఆపే హక్కు తనకూ ఉందని స్రవంతికి నమ్మకం కుదిరింది. ఆ ఉదయం నన్ను తెచ్చి తిరుపతి ముందు పెట్టింది.

"ఇగ నువ్వు పట్టు. నాకు సెలవు."

ఒకప్పుడు ఏసీ గదిలో చొక్కాలు విప్పి చూపించినవాడు వాడకట్టులో నిలబడి వాటిని రుద్దాలి. తెలిసినవాళ్లు వస్తుంటే తిరుపతి తల వంచుకునేవాడు. చొక్కా ఒక్కో చేతికి రెండేసి మడత గీతలు పడేవి. గుమ్మంలో కుర్చీ వేసుకుని స్రవంతి అరిచేది: "నీళ్లు చల్లు ముందుగాల!" నేర్చుకున్నాడు. తర్వాత్తర్వాత అతని మడత ఆమె మడతకన్నా బాగుండేది. ఆమె ఒప్పుకోదు.

కాన్పు కబురు ఫోన్లో వచ్చినప్పుడు నేను బ్యాంకు మేడం భర్త కుర్తా మీద ఉన్నాను. "ఆడిపిల్ల! ఇద్దరు మంచిగున్నరు!" అని అరిచి తిరుపతి నన్ను అక్కడే వదిలి ఆస్పత్రికి పరుగెత్తాడు. సమ్మయ్య కుంటుకుంటూ వచ్చి లేపేసరికి కుర్తా వీపు మీద నా ఆకారం నల్లగా దిగిపోయింది. ఆ ఇంటాయన దాన్ని చూసి, విషయం విని, స్వీట్లు అడిగాడు.

ఇప్పుడు బండి మీద గ్యాసుతో వేడెక్కే పెట్టె ఉంది. స్రవంతి, తిరుపతి వంతులేసుకుని రుద్దుతారు. నేను పాత ఇనుము కొట్టులో, విరిగిన కుర్చీలకూ తుప్పుపట్టిన గ్రిల్లులకూ మధ్య ఉన్నాను. రేపో మాపో కరిగిస్తారు. భయం లేదు, నిప్పు నాకు కొత్త కాదు. ఎన్ని వేల బట్టలు రుద్దానో నాకు గుర్తులేదు. స్రవంతి చేయి నా పిడిని వదిలిన ఆ నెలలు మాత్రం గుర్తున్నాయి. నేను చేసిన పనులన్నిటిలోకీ అప్పుడు ఆమెకు బరువు కాకుండా ఉండటమే గొప్పదని ధైర్యంగా చెప్పగలను.