ఏరు దాటే పేజీ

పిల్లలూ, ఈ కథ మీరు వినలేదు. మీరు పెరుగుతున్న చోట పుస్తకం తెరిస్తే ఇంటికి ఎవరూ రారు కాబట్టి చెప్పాల్సిన పనీ పడలేదు. ఇందులో ఒక నవల చివర ఏమవుతుందో కూడా ఉంది. మొదటిసారి చదివేవాళ్ళకి చివర చెప్పడమంటే మా ఊరు దెబ్రె బిర్హాన్‌లో ఎంగిలి కూడు పెట్టినట్టే. అందుకే చెప్పనా వద్దా అని చాన్నాళ్ళు తటపటాయించాను. ఇప్పుడు చెబుతున్నాను, వినండి.

అస్కాలె ఉన్ని వడికేది. పొద్దున గొర్రె ఉన్ని ఏకడం, మధ్యాహ్నం దారం తీయడం, ఎండ వాలేవేళకి కాఫీ గింజలు వేయించడం. ఒంటరి మనిషి. యాభై నాలుగేళ్ళు వచ్చాక పెద్దల బడిలో అక్షరాలు నేర్చుకుంది. వేలు పెట్టి, ఒక్కో అక్షరం నోట్లో నమిలి మరీ చదివేది. బడి ముగిసిన రోజు పక్కింటి ఎతాగెన్ అట్ట ఊడిపోయిన నవల తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టింది. ఊళ్ళో అందరూ చదివిన నవల అది.

"చదువు వదినా. రేపట్నుంచి కాఫీ ఇంకొకరికి కూడా పెట్టు. వొలాన్సా వస్తుంది."

"ఎట్లా తాగుతుంది?"

"ఉప్పేసి. బిడ్డను దించమని మాత్రం అడక్కు, దించదు."

మొదటి పేజీ చదివిన మర్నాడే వొలాన్సా వచ్చింది. నవల్లోని మనిషి. పాతికేళ్ళుండవు, వీపున తోలు జోలెలో నెలల బిడ్డ. ఎవరింట్లో ఆ పుస్తకం మొదటిసారి తెరిచినా రోజూ వచ్చి మూడు కప్పులూ తాగి వెళ్ళేది. పుస్తకం ముగిసే రోజు మాత్రం మూడో కప్పు తాగాక ఆ ఇంటికి మళ్ళీ వచ్చేది కాదు. ఎతాగెన్ వద్దన్నా అస్కాలె అడగనే అడిగింది.

"బిడ్డను దించమ్మా, నడుం లాగుతుంది."

"జోలె ముడి బిగుసుకుపోయిందక్కా. మీ ఊరివాళ్ళు పరుగున చదివేస్తారు. నేను ముడి మీద చెయ్యి వేసేలోపే పేజీ తిరిగిపోతుంది."

"నాతో ఆ భయం లేదులే. పేజీకి నాకో పూట పడుతుంది."

ఇద్దరూ నవ్వుకున్నారు. వానాకాలమంతా అలాగే గడిచింది. వేయించిన బార్లీ నములుతూ వొలాన్సా, అస్కాలె తీసిన దారం పట్టి చూసేది. "దీంతో కంబళి నేస్తే గొర్రె కూడా కప్పుకోదక్కా" అనేది. ఆ మాట పడటానికే అస్కాలె పొద్దుటినుంచీ ఎదురుచూసేది.

ఒకరోజు వొలాన్సా బట్ట అంచు తడిసి ఉంది. ఆ రోజు వాన లేదు. అస్కాలె పుస్తకం తెరిచి చూసింది. భర్త ఇంటినుంచి బిడ్డతో పారిపోయిన వొలాన్సా పొంగుతున్న ఏటి ఒడ్డుకు చేరింది. అస్కాలె పక్కింటికి వెళ్ళింది.

"ఎతాగెన్, దాటుతుందా?"

"చదువు వదినా."

"చదవడం సంగతి కాదు నేనడిగేది. దాటుతుందా, లేదా?"

ఎతాగెన్ నేలచూపులు చూసింది. "మేమంతా చదివాం. మేమంతా ఏడ్చాం" అని తలుపు వేసుకుంది.

అస్కాలె పుస్తకాన్ని బార్లీ బుట్టలో అడుగున దాచేసింది. కాఫీ మూడు విడతలు పోస్తారు. మూడోది బెరెకా, అంటే దీవెన. అది తాగకుండా ఏ అతిథీ సెలవు తీసుకోరు. అందుకని అస్కాలె రోజూ రెండు విడతలు పోసి కూజా కడిగేసేది. వొలాన్సా వెళ్ళలేక అక్కడే ఉండిపోయింది. కానీ ఆ తడి ఆరలేదు. పొయ్యి పక్కన కూర్చుంటే ఆవిరి వచ్చేది గానీ బట్ట ఆరేది కాదు. పదో రోజుకి తడి మోకాళ్ళ దాకా వచ్చింది. బిడ్డ పెదాలు నీలంగా మారాయి.

"మూడోది పోయవా అక్కా?"

"గింజలయిపోయాయి."

"పుస్తకమేదీ?"

"ఎలుకలు కొట్టేశాయి."

"అబద్ధాలు కూడా నీ దారంలాగే ఉంటాయక్కా, అన్నీ ముళ్ళే." వొలాన్సా నవ్వు ఆగిపోయింది. "నన్ను నీళ్ళలో నిలబెట్టి పుస్తకం మూసేశావు. చలేస్తోంది. వెనక్కి పోదామంటే పుస్తకంలో అలా రాసి లేదు. ముందుకైనా పోనీ."

"దాటిందని చదువుతాను" అంది అస్కాలె.

"చదువు, చూద్దాం."

అస్కాలె పుస్తకం తీసింది. అక్షరం మీద వేలుంచి "దాటింది" అంది. వేలు కదలలేదు. మళ్ళీ అంది. అంత కష్టపడి నేర్చుకున్న అక్షరాలు ఆమె కోసం ఒక్క గీత కూడా మారలేదు.

చేసేదేమీ లేక మూడో కప్పు పోసింది. వేలు పెట్టి చదవడం మొదలుపెట్టింది. తన చేతిలో ఉన్నది నిదానం ఒక్కటే. బడిలో మొదటిరోజు చదివినట్టు ఒక అక్షరం పలికి, ఊపిరి తీసుకుని, మళ్ళీ అదే పలికి, తర్వాతిదానికి వెళ్ళింది. గొర్రెలు మేతకు పోయినప్పుడు మొదలైన పేజీ అవి ఇంటికి తిరిగొచ్చినా కాలేదు. కాఫీ కోసం నేల మీద పరిచిన గడ్డి ఏటి నీళ్ళలో తేలింది. అక్షరానికీ అక్షరానికీ మధ్య వొలాన్సా వేళ్ళు ముడిని కొంచెం కొంచెం లాగాయి.

ముడి వచ్చేసింది.

వొలాన్సా బిడ్డను అస్కాలె ఒళ్ళో పెట్టింది. "తల కింద చెయ్యి పెట్టక్కా" అంది. మడ్డితో సహా కప్పు ఖాళీ చేసింది.

ఇంకా ఒక్క వాక్యం మిగిలింది.

"ఇది చదవను" అంది అస్కాలె.

"చదువక్కా. చలి."

వొలాన్సాను ఏరు తీసుకుపోయిందని అస్కాలె చదివింది. తలెత్తేసరికి కప్పూ తడి గడ్డీ మాత్రమే ఉన్నాయి.

మర్నాడు ఎతాగెన్ పాలూ పాత మెత్తటి గుడ్డలూ పట్టుకొచ్చింది. ఊళ్ళో ఉన్న ప్రతి పుస్తకంలోనూ ఏట్లో బిడ్డ మునిగిన ఊసు చెరిగిపోయిందని అప్పటికే అందరికీ తెలుసు.

"పేరేం పెడతావు వదినా?"

"తెరెఫెచ్" అంది అస్కాలె. మిగిలిన పిల్ల అని.

తెరెఫెచ్ పెరిగింది. ఆమె తీసిన దారానికి ముడి ఉండదు. ఇప్పటికీ ఊళ్ళో ఎవరు ఆ నవల మొదటిసారి తెరిచినా వొలాన్సా ఖాళీ జోలెతో వస్తుంది. ముందు అస్కాలె వాకిట్లో ఆగి, రాట్నం దగ్గర కూర్చున్న పిల్లను కాసేపు చూసి, అప్పుడు కాఫీకి వెళుతుంది.

పిల్లలూ, రేపు మీ పిల్లలకి ఈ కథ చెప్పండి. పేర్లు మరిచిపోయినా ఫరవాలేదు. ఆ నవల ఎప్పుడైనా వాళ్ళ చేతికొస్తే, ఏరు దాటే పేజీ దగ్గర మాత్రం తొందరపడొద్దని, వేలు పెట్టి అక్షరం అక్షరం చదవమని చెప్పండి. ఒకామె నిదానానికి ముడి విడింది. ఇంకెవరి నిదానానికైనా వొలాన్సాకు అవతలి ఒడ్డు అందుతుందేమో.